స్టామ్‌కోస్: ఉంచుకోవాల్సిందా, డెడ్‌లైన్‌కే అమ్మాల్సిందా, వదిలేయడమే సరైనదా?

నీలిగీత
2024 జులై 1న ఐస్ హాకీ లీగ్ NHLలోని టాంపా బే లైట్నింగ్ తన కెప్టెన్ స్టీవెన్ స్టామ్‌కోస్‌ను ఫ్రీ ఏజెంట్‌గా (కాంట్రాక్టు ముగిసి నచ్చిన జట్టులో చేరేవాడిగా) వెళ్లనిచ్చింది. నాష్‌విల్ నాలుగేళ్లకు ఏడాదికి 8 మిలియన్ డాలర్లు ఇచ్చి తీసుకుంది. టాంపాకు బదులుగా ఒక్క డ్రాఫ్ట్ పిక్ (కొత్త కుర్రాణ్ణి ఎంచుకునే వంతు) కూడా రాలేదు. 1,082 మ్యాచ్‌లు, 555 గోల్స్, రెండు స్టాన్లీ కప్పులు ఉన్న ఆటగాడు అలా వెళ్లిపోయాడు.

ఆ తర్వాత సీజన్ లెక్క: స్టామ్‌కోస్ నాష్‌విల్‌లో 82 మ్యాచ్‌లకు 27 గోల్స్, 53 పాయింట్లు (గోల్స్, అసిస్టులు కలిపి). అతని బదులు టాంపా తెచ్చుకున్న జేక్ గెంట్‌జెల్ 80 మ్యాచ్‌లకు 41 గోల్స్, 80 పాయింట్లు. చూడగానే టాంపాదే పైచేయి అనిపిస్తుంది. కానీ సరైన నిర్ణయమా కాదా అన్నది ఆ రోజు వాళ్ల ముందున్న లెక్కను బట్టి చూడాలి, తర్వాత ఏం జరిగిందన్నది వేరే సంగతి. క్యాప్ (జట్టు మొత్తం జీతాలకు లీగ్ పెట్టే పరిమితి), కాంట్రాక్టు షరతులు, ట్రేడ్ ధరలు తెలిసినవాళ్లు రాయండి. "ప్రాణం పెట్టి ఆడాడు, అన్యాయం చేశారు" అనే బాధకు వేరే థ్రెడ్ ఉంది, అక్కడ పోసుకోండి.

ఓరుగల్లు_పక్
తప్పే అన్నా. 34 ఏండ్ల వయసుల 40 గోల్స్ కొట్టినోణ్ణి ఎవరన్న ఉత్తగ పంపిస్తరా? ఉంచుకోవాలె, లేకపోతే అమ్మాలె. రెండూ చెయ్యకపోవుడు మేనేజ్‌మెంట్ సోమరితనం.

క్యాప్_కరణం
"ఉంచుకోవాలె" అనే ముందు ఆ వేసవి పుస్తకం ఒకసారి తెరుద్దాం. 2024-25 క్యాప్ 88 మిలియన్లు. టాంపా అప్పటికే కట్టుబడ్డ జీతాలు (మిలియన్ డాలర్లలో):

కుచెరోవ్ 9.5, బ్రేడెన్ పాయింట్ 9.5, వాసిలెవ్‌స్కీ 9.5, సెర్గచోవ్ 8.5, హెడ్‌మన్ 7.875, మెక్‌డోనా 6.75 (మే నెలలో నాష్‌విల్ నుంచి వెనక్కి తెచ్చుకున్నారు), హేగెల్ 6.5 (కొత్త కాంట్రాక్టు ఆ ఏడాదే మొదలు), సిరెల్లి 6.25, చెర్నాక్ 5.2, నిక్ పాల్ 3.15.

పది మందికి 72.725. మిగిలింది 15.275. దీంట్లోంచి స్టామ్‌కోస్‌కు 8 తీసేస్తే 7.275 మిగులుతుంది. జట్టులో ఇప్పటికి 11 మంది. లీగ్ నియమం ప్రకారం కనీసం 20 మంది ఉండాలి, అంటే ఇంకా 9 మంది. ఆ ఏడాది కనీస జీతం 7,75,000 డాలర్లు, తొమ్మిది మందికీ అదే ఇచ్చినా 6.975. మిగిలేది 3 లక్షలు. ఒకడి మోకాలు పట్టేస్తే కింది లీగ్ నుంచి పిలిపించడానికి కూడా డబ్బు చాలదు. 23 మంది నిండు జట్టు అయితే అసలు కుదరనే కుదరదు.

కాబట్టి ఉన్న జట్టులో ఎవర్నీ కదపకుండా మార్కెట్ ధరకు స్టామ్‌కోస్‌ను ఉంచుకోవడం లెక్కలోనే లేదు.

ఓరుగల్లు_పక్
కదిపిన్రు కదా? జూన్ 29న సెర్గచోవ్‌ను యూటాకు పంపిన్రు. 8.5 ఖాళీ అయింది. స్టామ్‌కోస్‌కు కావాల్సింది 8. ఇంక అడ్డం ఏముంది?

క్యాప్_కరణం
అక్కడ మీరు చెప్పింది నిజం. సెర్గచోవ్ వెళ్లాక లెక్కలో చోటు వచ్చింది. అయితే ఆ చోటు పూర్తిగా 8.5 కాదు. బదులుగా వచ్చిన జేజే మోజర్‌తో కొత్త కాంట్రాక్టు చేసుకోవాలి, అది 3.375 అయింది. వెనకవైపు ఒక డిఫెన్స్‌మన్‌ను తీసేస్తే ఇంకొకణ్ణి పెట్టాలి కదా, అందుకని నికరంగా మిగిలింది 5 చిల్లర. టానర్ జెనోను లాస్ ఏంజెలెస్‌కు పంపేసి ఇంకో 2.665 తగ్గించుకున్నారు. అంటే ఆ చోటును వాళ్లు ఉద్దేశపూర్వకంగానే తవ్వారు, తవ్వింది మాత్రం గెంట్‌జెల్ కోసం. మర్నాడు జూన్ 30న అతనితో మాట్లాడే హక్కులు కరోలినా నుంచి ఒక మూడో రౌండ్ పిక్‌కు కొన్నారు, జులై 1న 7 ఏళ్లు, ఏడాదికి 9.

అందువల్ల అసలు ప్రశ్న "స్టామ్‌కోస్‌ను భరించగలరా" కాదు. 8 మిలియన్లకు 34 ఏళ్ల స్టామ్‌కోస్ కావాలా, 9 మిలియన్లకు 29 ఏళ్ల గెంట్‌జెల్ కావాలా. మొదటి కాంట్రాక్టు 38 ఏళ్లకు ముగుస్తుంది, రెండోది 36కు. ఆ ఒక్క మిలియన్ తేడాకు టాంపా కొన్నది వయసు.

ఎడమవైపు_సర్కిల్
వయసుతో పాటు ఇంకోటి కొన్నారు, దాని గురించి ఎవరూ మాట్లాడట్లేదు. ఫైవ్-ఆన్-ఫైవ్ ఆట, అంటే రెండు వైపులా ఐదుగురూ నిండుగా ఉన్నప్పటి ఆట.

2023-24లో స్టామ్‌కోస్ 40 గోల్స్‌లో 19 పవర్‌ప్లేలో (ఎదుటి జట్టు ఆటగాడు పెనాల్టీకి బయట ఉన్నప్పుడు) వచ్చాయి. అవి ఎలా వచ్చాయో చూడండి. అతనిది కుడిచేతి షాట్, ఎడమవైపు ఫేసాఫ్ సర్కిల్‌లో నిలబడతాడు. కుచెరోవ్‌ది ఎడమచేతి షాట్, కుడివైపు బోర్డుల దగ్గర పక్ పట్టుకుంటాడు. మధ్యలో, గోల్ ముందు స్లాట్‌లో బ్రేడెన్ పాయింట్. పైన హెడ్‌మన్. కుచెరోవ్ పక్ పట్టగానే పెనాల్టీ కిల్లర్లలో (పవర్‌ప్లేను అడ్డుకునే నలుగురిలో) ఒకడు పాయింట్‌ను వదిలి రాలేడు, ఇంకొకడు హెడ్‌మన్ వైపు వెళ్లాలి. అడ్డంగా పాస్ వెళ్లే దారి ఒక్క క్షణం తెరుచుకుంటుంది. గోలీ ఈ పోస్టు నుంచి ఆ పోస్టుకు జరిగేలోపు స్టామ్‌కోస్ వన్-టైమర్ లోపలికి వెళ్లిపోతుంది. కుడిచేతి షాట్ కాబట్టి బ్లేడ్ మైదానం మధ్యకు తెరుచుకుని ఉంటుంది, పక్‌ను ఆపి సర్దుకోనక్కర్లేదు.

ఈ యంత్రంలో స్టామ్‌కోస్ చివరి భాగం. పాస్ ఇచ్చేవాడు, గోలీ కళ్లను తనవైపు లాగేవాడు వేరే. ఆ ఏడాది కుచెరోవ్ అసిస్టులు నిండుగా 100. ఈ భాగాన్ని తీసి వేరే బండికి బిగిస్తే అదే వేగం వస్తుందని ఎవరైనా ఎందుకు అనుకోవాలి? నాష్‌విల్‌లో ఫిలిప్ ఫోర్స్‌బెర్గ్ కూడా కుడిచేతి షాటే, అతనికీ ఇష్టమైన చోటు అదే ఎడమ సర్కిల్. ఇద్దరికీ ఒకే గది. ఒకరు సర్దుకోవాల్సిందే.

గోదారి_గోల్
నాష్‌విల్ కథ మొత్తాన్ని స్టామ్‌కోస్ మీద తోసేయకండి. అదే రోజు మార్షెసోను 5 ఏళ్లకు 5.5 చొప్పున, బ్రేడీ షేను 7 ఏళ్లకు 7 చొప్పున తీసుకున్నారు. సీజన్ మొదటి ఐదు మ్యాచ్‌లూ ఓడి, చివరికి పట్టికలో 68 పాయింట్లతో ముగించారు. జట్టంతా మునిగినప్పుడు ఒక్కడి 53 పాయింట్లు చూసి ముసలాడైపోయాడని తీర్పు ఇవ్వడం తొందరపాటు.

ఎడమవైపు_సర్కిల్
ముసలాడు అనలేదండి. టాంపాలో ఉండుంటే 35 గోల్స్ కొట్టేవాడేమో కూడా. నేను అన్నదల్లా, షూటర్ ధర అతని చుట్టూ ఉన్న నలుగురిని బట్టి మారుతుంది, కాబట్టి కొనేవాడు 40 గోల్స్ చూసి కాదు, పవర్‌ప్లే కాని ఆ 21 చూసి ధర కట్టాలి అని.

మేపుల్_సుబ్బులు
ట్రేడ్ సంగతి చూద్దాం, ఓరుగల్లు గారి రెండో దారి. 2024 మార్చి 8 డెడ్‌లైన్, అంటే ఆ సీజన్‌లో ట్రేడ్‌లకు చివరి రోజు. మూడు అడ్డంకులు.

మొదటిది నో-మూవ్ క్లాజ్. స్టామ్‌కోస్ ఒప్పుకోకుండా టాంపా అతన్ని ఎక్కడికీ పంపలేదు. ఇది ఉన్నప్పుడు ట్రేడ్ ధరను నిర్ణయించేది జనరల్ మేనేజర్ కాదు, ఆటగాడే. 2013 మార్చిలో కాల్గరీ జారోమ్ ఇగిన్లాకు బోస్టన్‌తో ఒప్పందం దాదాపు ఖాయం చేసుకుంది. ఇగిన్లా పిట్స్‌బర్గ్‌కే వెళ్తానన్నాడు. చివరికి కాల్గరీకి వచ్చింది ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు, ఒక మొదటి రౌండ్ పిక్. 525 గోల్స్ కొట్టిన మనిషికి అంతే. కొనే దుకాణం ఒక్కటే అని అందరికీ తెలిశాక బేరం ఎక్కడ ఉంటుంది?

టాంపాకే ఇంకో అనుభవం ఉంది. 2014లో అప్పటి కెప్టెన్ మార్టిన్ సాన్ లూయీ న్యూయార్క్ రేంజర్స్‌కే పంపమని పట్టుబట్టాడు. బదులుగా రయన్ కాలహన్, పిక్స్ వచ్చాయి. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ వేసవిలో కాలహన్‌కు 6 ఏళ్లు, ఏడాదికి 5.8 రాశారు. ఒళ్లు అరిగేలా ఆడే ఆటగాడికి 29వ ఏట ఆరేళ్ల కాంట్రాక్టు! చివరికి దాన్ని ఎవరి నెత్తిన పెట్టాలా అని వెతుక్కున్నారు. ట్రేడ్‌లో వచ్చినవాణ్ణి ఉంచుకోకపోతే పరువు పోతుందని చేసే తప్పు ఇది.

రెండో అడ్డంకి పట్టిక. టాంపా ఆ మార్చిలో ప్లేఆఫ్ పోటీలో ఉంది, చివరికి 98 పాయింట్లు చేసింది. డెడ్‌లైన్‌లో డ్యూక్లేర్‌ను, డంబాను కొన్నారు. ఒక చేత్తో కొంటూ ఇంకో చేత్తో జట్టులో 40 గోల్స్ కొట్టేవాణ్ణి అమ్మితే డ్రెసింగ్ రూమ్‌లో ఎవరు నమ్ముతారు?

మూడోది, అమ్మినా వచ్చేదెంత అన్నది. దీనికి గెంట్‌జెల్‌నే చూడొచ్చు, అదే డెడ్‌లైన్ కదా. పిట్స్‌బర్గ్ అతన్ని కరోలినాకు పంపి మైకేల్ బంటింగ్, ముగ్గురు కుర్రాళ్లు, ఒక షరతు పిక్ తీసుకుంది. కరోలినా ఫైనల్ చేరితే మొదటి రౌండ్, లేకపోతే రెండో రౌండ్. కరోలినా రెండో రౌండ్‌లోనే ఓడింది, పిక్ కూడా రెండో రౌండ్‌కు జారింది. ఇది 29 ఏళ్ల వాడికి పలికిన ధర. 34 ఏళ్ల వాడికి, అదీ ఒకటి రెండు జట్లకే ఒప్పుకునేవాడికి, ఇంకా తక్కువే.

ఓరుగల్లు_పక్
సరే, తక్కువైనా ఏదో ఒకటి వస్తది కదా సుబ్బులక్కా. ఉత్తచేతులకన్న నయం.

మేపుల్_సుబ్బులు
వస్తుంది తమ్ముడూ, కానీ ఆ ఐదు ప్లేఆఫ్ మ్యాచ్‌లలో స్టామ్‌కోస్ 5 గోల్స్ కొట్టాడు. ఫ్లోరిడా చేతిలో ఓడినా కొట్టినవాడు అతనే. ఒక రెండో రౌండ్ పిక్ నాలుగేళ్ల తర్వాత ఏమవుతుందో దేవుడికెరుక. వాసిలెవ్‌స్కీ, కుచెరోవ్, పాయింట్, హెడ్‌మన్ ఉన్న జట్టు కప్పు మీద ఆశ ఉన్న ఏడాదిని పిక్ కోసం అమ్ముకోదు.

కొత్త_చూపరి
నాకు హాకీ అంటే పచ్చ టర్ఫ్ మీద ఆడేదే తెలుసు, ఇది ఈ మధ్యే మొదలుపెట్టాను. ఒక సందేహం. సన్‌రైజర్స్ వార్నర్‌ను వదిలేసినట్టే కదా ఇది? 2016లో కప్పు తెచ్చిన కెప్టెన్‌ను 2021 తర్వాత వదిలేస్తే ఢిల్లీ 6.25 కోట్లకు ఎత్తుకెళ్లింది.

క్యాప్_కరణం
బాధ వరకు ఒకటే, లెక్క వేరు. ఐపీఎల్‌లో వదిలిన డబ్బు పర్సులోకి తిరిగొస్తుంది, వేలంలో మళ్లీ కొనుక్కోవచ్చు. ఇక్కడ వేలం లేదు. కొత్త కుర్రాళ్లు డ్రాఫ్ట్ నుంచి వస్తారు, డ్రాఫ్ట్ పిక్స్‌ను డబ్బులా మార్చుకుంటారు. అందుకే "ఉత్తగ పోయాడు" అన్న మాట ఇక్కడ అంత గుచ్చుకుంటుంది. ఐపీఎల్‌లో వదిలేస్తే ఎవరైనా ఉత్తగానే పోతారు.

ఇంకోటి, వార్నర్‌కు నో-మూవ్ క్లాజ్ లాంటిదేమీ లేదు.

గోదారి_గోల్
మార్షాండ్‌ను ఎవరూ తీసుకురాలేదేం? 2025 మార్చి 7న బోస్టన్ తన కెప్టెన్ బ్రాడ్ మార్షాండ్‌ను ఫ్లోరిడాకు అమ్మింది. 36 ఏళ్లు, గాయంతో ఉన్నాడు, కాంట్రాక్టు చివరి ఏడాది. బదులుగా ఒక రెండో రౌండ్ పిక్, ఫ్లోరిడా రెండు రౌండ్లు గెలిచి, అతను కనీసం సగం మ్యాచ్‌లు ఆడితే అది మొదటి రౌండ్‌కు మారుతుంది. ఫ్లోరిడా ఏకంగా కప్పే గెలిచింది, అతను 23 మ్యాచ్‌లలో 10 గోల్స్, 10 అసిస్టులు చేశాడు, ఫైనల్‌లోనే 6 గోల్స్. బోస్టన్‌కు మొదటి రౌండ్ పిక్ వచ్చింది.

అంటే 36 ఏళ్ల వాడికి మొదటి రౌండ్ పిక్ రాబట్టడం సాధ్యమే. షరతు రాసే తెలివి ఉండాలి.

మేపుల్_సుబ్బులు
బోస్టన్ ఆ ఏడాది 76 పాయింట్లతో అట్లాంటిక్ డివిజన్‌లో అట్టడుగున నిలిచింది. ఆ వారంలోనే కోయిల్, కార్లో, ఫ్రెడరిక్‌ను కూడా అమ్మేశారు. దుకాణం మూసేసేవాడు సరుకు అమ్మడానికి, నడుస్తున్న దుకాణం వాడు అమ్మడానికి తేడా లేదూ? షరతుతో రాయడం మాత్రం మెచ్చుకోవాల్సిందే. కొనేవాడికి "నీకు పనికొస్తేనే ఎక్కువ ఇవ్వు" అని చెప్పినట్టు. గాయపడిన ఆటగాణ్ణి అమ్మాలంటే అదొక్కటే దారి.

మంచు_మాస్టారు
ఇంకో విషయం, కొనేవాడి వైపు నుంచి. డెడ్‌లైన్‌లో క్యాప్ రోజుల లెక్కన నడుస్తుంది, ఇది చాలామందికి అర్థం కాదు. 2023-24 సీజన్ 192 రోజులు. మార్చి 8 నుంచి ఏప్రిల్ 18 వరకు 42 రోజులు. స్టామ్‌కోస్ 8.5ను 42/192తో గుణిస్తే కొనే జట్టు పుస్తకంలో పడేది 1.86 మిలియన్లే. టాంపా సగం తానే మోస్తే 0.93. మధ్యలో మూడో జట్టును పెట్టి దానితో మిగిలిన దాంట్లో సగం మోయిస్తే 0.46. మూడో జట్టుకు కూలీగా ఒక మధ్య రౌండ్ పిక్ ఇస్తారు.

పరిమితులున్నాయి. ఒక్కో జట్టు ఒకేసారి మూడు కాంట్రాక్టుల కంటే ఎక్కువ మోయకూడదు. ఒక్కో కాంట్రాక్టును రెండుసార్లే కోయొచ్చు. ఒక్కోసారి 50 శాతం దాటకూడదు. జీతం ఎంత ఎక్కువ మోస్తే అంత మంచి పిక్ అడగొచ్చు, కొనేవాళ్ల సంఖ్య పెరుగుతుంది కాబట్టి. మోయకుండా "మంచి పిక్ రాలేదు" అని ఏడ్చే జట్లు ప్రతి ఏడాదీ ఉంటాయి.

ఓరుగల్లు_పక్
గీ లెక్క మంచిగుంది మాస్టారూ. మరి ఉంచుకునే దారిల ఇంకోటి అడుగుత. సొంత ఆటగాడికి ఎనిమిదేండ్లు ఇయ్యచ్చు కదా? పైసలు గవ్వే ఉంచి ఏండ్లు పెంచితే క్యాప్ హిట్ (ఏడాదికి క్యాప్‌ల పడే సగటు) తగ్గుతది. 32 మిలియన్లు నాలుగేండ్లకు 8, ఎనిమిదేండ్లకు 4.

క్యాప్_కరణం
కాగితం మీద బాగానే ఉంటుంది. అడ్డం వచ్చేవి చెప్తాను.

ఆటగాడి వైపు: 42 ఏళ్ల దాకా ఆడితేనే ఆ 32 పూర్తిగా చేతికొస్తుంది. 38కే రిటైరైతే మిగిలింది పోతుంది. బయట నాలుగేళ్లలో అంతా ఇస్తుంటే ఎవడు ఎనిమిదేళ్లు సంతకం పెడతాడు? చివరి నాలుగేళ్ల డబ్బు చేతికొస్తుందో లేదో తెలియని డబ్బు, దాన్ని అతను సగం ధరకే చూస్తాడు. కాబట్టి జట్టు మొత్తం డబ్బు పెంచాలి, పెంచితే క్యాప్ హిట్ 4 దగ్గర ఆగదు.

జట్టు వైపు: 35 నియమం. కాంట్రాక్టు మొదలయ్యే ముందు జూన్ 30 నాటికి ఆటగాడికి 35 నిండితే, జీతం మొదట్లో ఎక్కువ, తర్వాత తక్కువగా రాసి గానీ, మొదటి ఏడాది తర్వాత సైనింగ్ బోనస్‌లు పెట్టి గానీ ఉంటే, అతను రిటైరైనా క్యాప్ హిట్ జట్టు మీదే ఉంటుంది. స్టామ్‌కోస్ ఫిబ్రవరి 1990లో పుట్టాడు, ఆ జూన్ 30కి 34. కాబట్టి అతనికి ఈ బెడద లేదు. ఒక ఏడాది ఆలస్యమైతే ఉండేది. మార్షాండ్ 37వ ఏట ఫ్లోరిడాతో 6 ఏళ్లకు, ఏడాదికి 5.25 రాసుకున్నప్పుడు ఈ నియమం మొదట చూసుకోవాల్సిన విషయం.

మంచు_మాస్టారు
35 దాటినవాళ్లకు ఇంకో దారి ఉంది, ఒక ఏడాది కాంట్రాక్టు, తక్కువ జీతం, మిగతాది బోనస్. బోస్టన్ 2022-23లో బెర్జరాన్‌కు 2.5 జీతం, 2.5 బోనస్, క్రేచీకి 1 జీతం, 2 బోనస్ రాసింది. ఆ ఏడాదికి క్యాప్ హాయిగా ఉంది. 65 మ్యాచ్‌లు గెలిచి 135 పాయింట్లు చేశారు. మొదటి రౌండ్‌లోనే ఫ్లోరిడా చేతిలో పోయారు. ఇద్దరూ రిటైరయ్యారు. బోనస్‌లు క్యాప్ దాటాయి కాబట్టి 4.5 మిలియన్లు మరుసటి ఏడాది క్యాప్‌లోంచి కోత పడింది. సెంటర్లిద్దరూ లేరు, వాళ్ల బిల్లు మాత్రం వచ్చింది. ఇది తప్పని అనను. కప్పు గెలవగల ఏడాది అయితే చేయాల్సిందే. కానీ ఇది తగ్గింపు కాదు, అప్పు.

నీలిగీత
టాక్స్ సంగతి కూడా ఒకరు మెసేజ్‌లో అడిగారు. ఫ్లోరిడాలో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి టాంపా తక్కువకే ఉంచుకోగలిగేదా అని. నాష్‌విల్ టెనెసీలో ఉంది, అక్కడా జీతం మీద రాష్ట్ర పన్ను లేదు. కాబట్టి ఈ పోటీలో ఆ వాదన పనిచేయదు. టొరంటోతో పోటీ అయ్యుంటే వేరే మాట.

గోదారి_గోల్
క్యాప్ పెరుగుదలను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. స్టామ్‌కోస్ 8 మిలియన్లు 2024-25లో క్యాప్‌లో 9.1 శాతం. 2027-28కి క్యాప్ 113.5, అప్పుడు అది 7 శాతమే. 2016లో టాంపా ఇదే మనిషికి 8.5 రాసినప్పుడు క్యాప్ 73, అంటే 11.6 శాతం! కాబట్టి చివరి రెండేళ్లు భారమవుతాయన్న భయం అతిగా ఉంది.

క్యాప్_కరణం
95.5, 104, 113.5 అనే అంకెలు లీగ్ ప్రకటించింది 2025 జనవరిలో. 2024 జులైలో టేబుల్ మీద ఉన్నది 88 మాత్రమే. పెరుగుతుందని అందరికీ తెలుసు, ఇంత పెరుగుతుందని ఒప్పందం రాసేవాళ్లు పందెం కాయలేరు. పైగా క్యాప్ పెరిగితే గెంట్‌జెల్ 9 కూడా చవకవుతుంది, ఇంకా ఎక్కువ ఏళ్లపాటు. మీ వాదన రెండు వైపులా కోస్తుంది.

గోదారి_గోల్
ఒప్పుకున్నా. కానీ ముసలి స్కోరర్లందరూ ఒకేలా తరగరు. జో పవెల్స్కీని శాన్ హోసే 2019లో వదిలేసింది, 38 గోల్స్ కొట్టిన సీజన్ తర్వాత. డాలస్ మూడేళ్లకు 7 చొప్పున ఇచ్చింది. మొదటి సీజన్ 31 పాయింట్లే, అందరూ నవ్వారు. ఆ ప్లేఆఫ్స్‌లోనే 13 గోల్స్ కొట్టి ఫైనల్‌కు తీసుకెళ్లాడు. 2021-22లో 81 పాయింట్లు, తర్వాత 77. 37, 38 ఏళ్ల వయసులో! శాన్ హోసే ఆ వేసవి నుంచి 2025 దాకా ప్లేఆఫ్ ముఖం చూడలేదు.

ఎడమవైపు_సర్కిల్
మంచి ఉదాహరణ, ఎందుకంటే అది నా మాటనే బలపరుస్తుంది. పవెల్స్కీ పని గోలీ ముందు. దూరం నుంచి వచ్చే షాట్‌కు బ్లేడ్ తాకించి దారి మళ్లించడం. దానికి కావాల్సింది కన్ను, చేయి, దెబ్బలు తినే ఓపిక. అతను కుర్రాడిగా ఉన్నప్పుడూ వేగంగా ఉండేవాడు కాదు, కాబట్టి పోవడానికి వేగం లేదు. రష్‌లో (వేగంగా దూసుకెళ్లి) గోల్స్ కొట్టేవాడికి మొదట పోయేది మొదటి మూడు అడుగులు. ఆ అర మీటరు పోతే డిఫెన్స్‌మన్ కర్ర షాట్‌కు అడ్డం పడుతుంది, షాట్లు బ్లాకవుతాయి, గోల్స్ తగ్గాక గానీ పేపర్‌లో కనపడదు.

స్టామ్‌కోస్ ఈ ఇద్దరి మధ్యలో ఉంటాడు. షాట్ ఎక్కడికీ పోదు. కానీ ఫైవ్-ఆన్-ఫైవ్‌లో షాట్ కొట్టే చోటుకు చేరడానికి కాళ్లు కావాలి. 2021-22లో 106 పాయింట్లు, తర్వాత 84, తర్వాత 81. గోల్స్ నిలబడ్డాయి, మిగతా ఆట కుంచించుకుపోయింది. కాంట్రాక్టు ఇచ్చేముందు చూడాల్సింది ఇదే: పవర్‌ప్లే తీసేసి మూడేళ్ల వరుస, లైన్‌మేట్స్ ఎవరు, డిఫెన్సివ్ జోన్ ఫేసాఫ్‌లకు కోచ్ ఇంకా పంపుతున్నాడా, లీడ్‌లో ఉన్నప్పుడు చివరి రెండు నిమిషాలు బెంచ్ మీద కూర్చోబెడుతున్నాడా. కోచ్ నోటితో చెప్పనిది ఆ నిమిషాలు చెప్తాయి.

మేపుల్_సుబ్బులు
నా లెక్కలో టాంపా తప్పు 2024లో జరగలేదు, 2023 వేసవిలో జరిగింది. చివరి ఏడాది మొదలయ్యే జులై 1 నుంచే ఎక్స్‌టెన్షన్ (కాంట్రాక్టు పొడిగింపు) రాయొచ్చు. టాంపా జనరల్ మేనేజర్ జూలియన్ బ్రీస్‌బ్వా సీజన్ అయ్యాక చూద్దామన్నారు. సెప్టెంబర్‌లో క్యాంప్ మొదలవగానే స్టామ్‌కోస్ బాహాటంగానే నిరాశపడ్డానని చెప్పాడు. అప్పుడే మాట్లాడి ఉంటే రెండిట్లో ఒకటి తేలేది. ధర కుదిరితే సంతకం, కుదరకపోతే "నీకు ఏ జట్లు ఇష్టం" అని అడిగి నాలుగైదు పేర్లు తీసుకునే వ్యవధి. నో-మూవ్ ఉన్న ఆటగాడితో మాట్లాడే సమయం డెడ్‌లైన్ వారం కాదు.

క్యాప్_కరణం
అక్కడ మీతో విభేదిస్తాను సుబ్బులు గారూ. 2023 వేసవిలో ధర ఏమయ్యుండేది? 84 పాయింట్ల సీజన్ మీద కెప్టెన్, కప్పులు కలిపి 8 పైనే. ఆ అంకె రాసేసుకుంటే 2024లో సెర్గచోవ్ వెళ్లినా గెంట్‌జెల్‌కు చోటు ఉండేది కాదు. ఆగడం వల్ల బ్రీస్‌బ్వా కోల్పోయింది ఒక పిక్, కాపాడుకున్నది ఎంచుకునే అవకాశం. మర్యాదగా చెప్పలేదంటే ఒప్పుకుంటాను. లెక్క తప్పిందంటే ఒప్పుకోను.

ఓరుగల్లు_పక్
హెడ్‌మన్‌కు మాత్రం మర్నాడే, జులై 2న, నాలుగేండ్లకు 8 రాసిన్రు. ఆయనకూ 33 ఏండ్లే. మరి ఆయన ముసలోడు కాదా?

ఎడమవైపు_సర్కిల్
మార్కెట్‌లో మొదటి జత డిఫెన్స్‌మన్ దొరకడం గోల్స్ కొట్టే వింగర్ దొరకడం కంటే చాలా కష్టం. అప్పుడే సెర్గచోవ్‌ను పంపేశారు కూడా. ఇద్దర్నీ పోగొట్టుకుంటే వెనక ఎవరూ మిగలరు.

మంచు_మాస్టారు
వాదన ఎటు తేలినా, ఇకముందు ఈ లెక్కలు కొన్ని మారతాయి, గమనించండి. లీగ్, ఆటగాళ్ల సంఘం చేసుకున్న కొత్త ఒప్పందంలో మూడో జట్టుతో జీతం కోయించే పని ఒకే రోజులో కుదరదు, రెండు కోతల మధ్య 75 రోజుల సీజన్ గడవాలి. కాబట్టి డెడ్‌లైన్ రోజు 8 మిలియన్ల వాణ్ణి 2 మిలియన్లకు దించి అమ్మే దారి మూసుకుపోయింది. పెద్ద జీతం రెంటల్స్‌కు (సీజన్ చివరి వరకే తెచ్చుకునేవాళ్లకు) కొనేవాళ్లు తగ్గుతారు, ధరా తగ్గుతుంది. ప్లేఆఫ్ మ్యాచ్‌లో దిగే జట్టు కూడా క్యాప్‌కు లోబడి ఉండాలి.

ఇంకోటి, సొంత ఆటగాడికి 8 ఏళ్లు అన్నది 7కు, బయటివాడికి 7 అన్నది 6కు తగ్గుతుంది. ఇది 2026 సెప్టెంబర్ 16 నుంచి.

మేపుల్_సుబ్బులు
దాన్ని టాంపాకు పెట్టి చూడండి. కుచెరోవ్ 9.5 కాంట్రాక్టు 2027లో ముగుస్తుంది. అప్పటికి అతనికి 34, స్టామ్‌కోస్ వెళ్లిన వయసే. ఎక్స్‌టెన్షన్ 2026 జులై 1 నుంచి రాయొచ్చు. ఎనిమిదేళ్లు కావాలంటే సెప్టెంబర్ 15 లోపు రాయాలి. చేతిలో ఉండేది పదకొండు వారాలు.

క్యాప్_కరణం
పుట్టింది 1993 జూన్ 17. కొత్త కాంట్రాక్టు మొదలయ్యే 2027 జూన్ 30కి 34 నిండి పదమూడు రోజులు. 35 నియమం అంటుకోదు, కాబట్టి చివరి ఏళ్లలో జీతం తగ్గించి రాసుకోవచ్చు, రిటైరైతే క్యాప్ మీద ఆ రూపంలో భారం మిగలదు. అతను పాస్ ఇచ్చేవాడు కాబట్టి పైన చెప్పిన మూడు అడుగుల భయం కూడా తక్కువే. నేనైతే 8 ఏళ్లే అడుగుతాను, ఏడాదికి ఎంతన్నది క్యాప్ 104లో శాతంగా మొదలుపెట్టి మాట్లాడతాను, డాలర్లలో కాదు.

ఓరుగల్లు_పక్
12 శాతం అంటే 12.5 అయితది. కుచెరోవ్ ఏజెంట్ 15 కాన్నుంచి షురూ చేస్తడు, రాసిపెట్టుకోండ్రి.